ఎడమ చెయ్యి ముప్పావు అంగుళం

ఫిబ్రవరి 3, సోమవారం

ఓనరు ఒప్పుకున్నాడు! ఏనుగెక్కినంత సంబరంగా ఉంది.

నాలుగు నెలలుగా మరదలి పక్కన కూర్చుని, దానిచేత చీవాట్లు తిని నేర్చుకున్న పైథాన్ అనే కంప్యూటరు భాష ఇన్నాళ్ళకి పనికొచ్చింది. కొలతలు కొడితే చాలు, కటింగ్ చీటీ అచ్చయి వచ్చేస్తుంది. ఆ ప్రోగ్రాము రాసింది నేను. బొత్తాలకి కాజాలు కుట్టే బల్ల దగ్గర పదిహేడేళ్ళు కూర్చుని, రెండేళ్ళ క్రితం టేపు మెడలో వేసుకున్న నేనే. మా కుట్టుకేంద్రంలో అందరూ టేపక్క అని పిలిచే మనిషిని.

నా చేతిరాతకి పీడ వదిలింది. నేను రాసిన ఒకట్లూ ఏడులూ మా కటింగ్ మాస్టరుకి కవలపిల్లల్లా కనిపిస్తాయి. పోయిన నెల ఒకాయన చొక్కాకి పదిహేడు అంగుళాల చెయ్యి రావాల్సింది, పదకొండుకి కోసి పెట్టాడు. "చీటీలో ఉన్నదే కోశాను" అన్నాడు. చీటీలో ఏముంటే అది కోస్తాడు. ఇంకేమీ అడగడు.

ఓనరు మాత్రం షరతు పెట్టాడు. "బృందగానం వాళ్ళకి కోట్లు కుట్టాలి, నలభై రెండు. ఇరవై మూడున వాళ్ళ కచేరీ. ఈ ఒక్క ఆర్డరుకి నీ కంప్యూటరు చీటీలు వాడి చూద్దాం టేపక్కా. తేడా వచ్చిందో, మళ్ళీ కాగితమే. నువ్వు మళ్ళీ కాజాలే."

"అలాగేనండీ" అన్నాను. గొంతు వణకలేదు. కొంచెం వణికింది.

ఫిబ్రవరి 4

ప్రోగ్రాములో చీటీ తయారుచేసే భాగానికి, దాన్నే ఫంక్షన్ అంటారు, సాయంత్రం తుదిమెరుగులు పెట్టాను. చూసి మురిసిపోవడానికి ఇక్కడ కూడా రాసుకుంటున్నాను:

def cheeti(peru, chaati, kudi, edama, podugu=28, marpulu=[]):

పేరు, ఛాతీ, కుడి చెయ్యి, ఎడమ చెయ్యి ఎవరివైనా చెప్పి తీరాలి. పొడుగు చెప్పకపోతే ఇరవై ఎనిమిది అనుకుంటుంది, చెబితే చెప్పినదే తీసుకుంటుంది. మార్పులు చెప్పకపోతే ఏ మార్పులూ లేవని, అంటే ఖాళీ లిస్టు. వీటినే డిఫాల్ట్ విలువలు అంటారట. ముందు నేను పొడుగుని పేరు పక్కనే పెడితే పైథాన్ మొహం చిట్లించింది. చెప్పి తీరాల్సినవన్నీ ముందు ఉండాలి, చెప్పకపోయినా నడిచేవి వెనక్కి పోవాలి.

"మనింట్లో నువ్వు ఎప్పుడూ వెనక వరసే కదా వదినా" అంది మరదలు నవ్వుతూ. "టీలో పంచదార వద్దు, కిటికీ పక్క కుర్చీ వద్దు, ఆదివారం బయటికి రాను. అడక్కుండానే అందరికీ తెలుసు."

"టీలో పంచదార కావాలి నాకు" అన్నాను.

"పదేళ్ళ నుంచీ తాగుతున్నావు కదా మరి, లేకుండా!"

అడగలేదు ఎవరూ. నేనూ చెప్పలేదు.

ఫంక్షన్ లోపల ఇంకో ఏర్పాటు చేశాను. చీటీ మీద చెయ్యి కొలత కుడిదే పడుతుంది. రెండు చేతులకీ తేడా ఉంటే, ఎడమ చెయ్యి ఇంత తగ్గించాలి అని ప్రోగ్రామే మార్పుల లిస్టులో ఒక మాట చేర్చి, చీటీ అడుగున అచ్చువేస్తుంది. అలాంటి మనుషులు ఎక్కడో ఒకరు ఉంటారు కదా. ముందుజాగ్రత్త, అంతే.

ఫిబ్రవరి 5

కొలతలకి బృందగానం వాళ్ళ హాలుకి వెళ్ళాను. చెక్క నేల, పొడుగాటి బెంచీలు, మూలన పియానో. ఒకపక్క వాళ్ళు సాధన చేస్తుంటే ఒక్కొక్కరినీ పక్కకి లాగి కొలిచాను. నోట్లో గుండుసూదులు పెట్టుకుని పనిచెయ్యడం నాకు అలవాటు. పెదాలు విప్పడానికి ఉండదు కాబట్టి ముక్కుతోనే ఏదో ఒకటి కూనిరాగం తీస్తుంటాను.

వాళ్ళ పాటల టీచరు చెయ్యెత్తి అందరినీ ఆపేసింది. ఆవిడది నా వయసే, జుట్టంతా తెల్లగా మెరిసిపోతోంది.

"కింది స్వరం ఎవరు అందుకున్నారు ఇప్పుడు?"

అందరూ నన్ను చూశారు. నేను సూదులు చూపించాను.

"సూదులు పెట్టుకుని ఇంత శ్రుతిలో ఉన్నారు, తీసేస్తే ఎలా ఉంటుందో! ఆడవాళ్ళలో మాకు బొంగురు గొంతులు తక్కువండీ. వచ్చెయ్యండి."

"నేను కొలతలకి వచ్చానండీ" అన్నాను.

నాకు పాడాలని లేదు. అస్సలు లేదు. పైగా స్టేజీ మీద వరసగా నిలబడితే చేతులు కనిపిస్తాయి.

ఫిబ్రవరి 6

మళ్ళీ హాలుకి వెళ్ళాను. ఇద్దరి మెడ కొలత సరిచూసుకోవాలనిపించింది.

ఫిబ్రవరి 7, శుక్రవారం

ప్రోగ్రాము తెరిచి, ముందు పరీక్షకి ఒక చీటీ వేసి చూశాను. పేరు దగ్గర "పరీక్ష" అని కొట్టి, ఎవరివో కొలతలు ఇచ్చాను. చక్కగా వచ్చింది. ఆ ఊపులో పదహారుమంది చీటీలు వరసగా వేసేశాను. ప్రింటరు ముందు నిలబడి ఒక్కొక్కటీ చదవాల్సింది. వాళ్ళ రెండో పాట చరణం గొణుక్కుంటూ నిలబడ్డాను. కట్ట కట్టి కటింగ్‌కి పంపించేశాను.

ఫిబ్రవరి 8

మిగతా ఇరవై ఆరు చీటీలు కూడా వెళ్ళిపోయాయి. పరీక్ష చీటీ ఇవాళ వెయ్యలేదు, నిన్నే చూశాను కదా. నలభై రెండు చీటీలు, ఒక్క దిద్దుబాటు లేదు! ఓనరు నా బల్ల పక్కనుంచి నడిచి వెళ్తూ "ఊఁ" అన్నాడు. ఆయన "ఊఁ" అంటే వేరేవాళ్ళు పూలదండ వేసినట్టు.

ఫిబ్రవరి 10

హాలుకి వెళ్ళాను. బొత్తాల రంగు చూపించడానికి. బొత్తాలు పట్టుకెళ్ళడం మర్చిపోయాను. మూడు పాటలూ విని వచ్చాను.

ఫిబ్రవరి 12

కటింగ్ మాస్టరు టీ గ్లాసు పట్టుకుని నా దగ్గరకి వచ్చాడు.

"ఏంటో అక్కా, ఈ పాటలవాళ్ళ ఫ్యాషన్లు!"

నిలబడే కాలరు గురించి అనుకుని "పెద్దవాళ్ళు, వాళ్ళ ఇష్టం" అన్నాను.

"ఒక కోటు ఎక్కువ కూడా వచ్చింది. నలభై మూడు."

"చీటీలు సరిగ్గా లెక్కపెట్టుకోండి" అన్నాను. ఇరవయ్యేళ్ళుగా గుడ్డ కోస్తున్నాడు, లెక్కపెట్టడం మాత్రం రాలేదు.

ఫిబ్రవరి 13, గురువారం

ఇవాళ రాయడానికి చెయ్యి రావడం లేదు. ఆ చెయ్యి గురించే రాయాలి మరి.

మొదటి పదహారుమంది ట్రయల్‌కి వచ్చారు. కోట్లు ఇంకా కచ్చా కుట్ల మీదే ఉన్నాయి. ముందు, మగవాళ్ళలో కింది స్వరం పాడే బండగొంతు ఆయన తొడుక్కున్నాడు. ఎడమ చెయ్యి పైకి లాక్కుపోయి మణికట్టు బయటికి వచ్చింది. ఆయన చెయ్యి కిందికి లాగాడు, అది రాలేదు. పక్కనావిడ తొడుక్కుంటే ఆవిడకీ అంతే. నిమిషంలో పదహారుమందీ అద్దం ముందు నిలబడి ఎడమ చెయ్యి లాక్కుంటున్నారు. అంతమంది ఒక్కసారిగా అదే పని చేస్తుంటే చూసి పాటల టీచరు పగలబడి నవ్వింది. వాళ్ళూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఓనరు కటింగ్ మాస్టరుని పిలిచాడు.

"ఏమయ్యా, పదహారు ఎడమ చేతులు పొట్టిగా కోస్తూ ఒక్కసారైనా అనుమానం రాలేదా?"

"వచ్చిందండీ. పాట పుస్తకం ఎడమ చేత్తో పట్టుకుంటారు కదా, పేజీలకి అడ్డం పడకుండా చెప్పి చేయించుకున్నారేమో అనుకున్నాను." చీటీలు తెచ్చి చూపించాడు. పదహారింటి అడుగునా ఒకే మాట: ఎడమ చెయ్యి ముప్పావు అంగుళం తగ్గించాలి.

ఓనరు అరవలేదు. అరిచినా బాగుండేది. "సోమవారం పొద్దున నాకు తప్పు ఎక్కడుందో చూపించు. చూపించలేకపోతే కంప్యూటరు మూసేద్దాం" అన్నాడు.

ముప్పావు అంగుళం.

ఫిబ్రవరి 14

బండగొంతు ఆయన కొలతలు కొట్టాను. చీటీ సరిగ్గా వచ్చింది. ప్రోగ్రాము మూసి, మళ్ళీ తెరిచి, పక్కనావిడవి కొట్టాను. సరిగ్గా వచ్చింది. మూసి, తెరిచి, పదహారూ అలాగే చేశాను. ఒక్కదాంట్లో కూడా ఎడమ చెయ్యి మాట రాలేదు.

ప్రోగ్రాము దొంగ ముఖం పెట్టి కూర్చుంది నా ముందు. ఏమీ ఎరగనట్టు.

ఫిబ్రవరి 15

మరదలు తన పని పక్కన పెట్టి నాతో కూర్చుంది. తమ్ముడు మూడుసార్లు టీ ఇచ్చాడు, పంచదార లేకుండా.

"ఆ రోజు ఎలా చేశావో అచ్చు అలాగే చెయ్యి వదినా. ఏ వరసలో కొట్టావో అదే వరసలో. మధ్యలో మూయొద్దు."

పదహారూ ఆ వరసలోనే కొట్టాను. అన్నీ సరిగ్గా వచ్చాయి.

"ఇంతేనా? వీళ్ళకంటే ముందు ఇంకేమీ వెయ్యలేదా?"

"లేదు" అన్నాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

అబద్ధం చెప్పాను. ఈ డైరీలోనూ చెప్పాను. ఎవరివో కొలతలు కావు అవి.

పరీక్ష చీటీలో కొట్టింది నా కొలతలే. ఛాతీ ముప్పై ఆరు, కుడి చెయ్యి ఇరవై రెండు, ఎడమ ఇరవై ఒకటింపావు. తొమ్మిదేళ్ళప్పుడు మెట్ల మీదనుంచి పడ్డాను, ఎముక వంకరగా అతుక్కుంది. అప్పటినుంచీ నా బట్టలన్నీ రెడీమేడ్ మీడియం. ఎడమ చెయ్యి లోపలికి ఒక మడత. పంతొమ్మిదేళ్ళుగా కుట్టుకేంద్రంలో పనిచేస్తూ నాకంటూ ఒక్క బట్ట కుట్టించుకోలేదు. కుట్టించుకుంటే ఎవరో ఒకరు కొలవాలి. నేను ఒప్పుకోను. కానీ ఆ రోజు, మొట్టమొదటి చీటీ నాది అయితే ఎలా ఉంటుందో చూడాలనిపించింది. అంతే. ఒక్కసారి కాగితం మీద చూసుకుందామని.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మరదలితో చెప్పాను. చచ్చే సిగ్గేసింది. అది జాలిపడుతుందనుకున్నాను. కుర్చీలోంచి ఎగిరి గంతేసింది.

"దొరికింది! వదినా, దొరికింది! నీ కొలతలు కొట్టు, ఆ వెంటనే బండగొంతు ఆయనవి కొట్టు!"

కొట్టాను. బండగొంతు ఆయన చీటీ అడుగున వచ్చింది. ఎడమ చెయ్యి ముప్పావు అంగుళం తగ్గించాలి.

"ఆ ఖాళీ లిస్టు ఎప్పుడు పుడుతుందనుకున్నావు?" అంది.

"ఎవరి చీటీ వేస్తే వాళ్ళకి కొత్తది."

"కాదు. def ఉన్న ఆ లైను దగ్గరికి వచ్చినప్పుడు పైథాన్ ఒక్కసారే తయారుచేసుకుంటుంది. ఆ తరవాత మార్పులు చెప్పని వాళ్ళందరికీ అదే లిస్టు. నువ్వు మొదట వచ్చావు, నీ చెయ్యి సంగతి అందులో పడింది. దాన్ని ఎవరూ తీయలేదు. వెనకాల వచ్చిన పదహారుమందికీ నీదే అంటుకుంది. ప్రోగ్రాము మూసి తెరిస్తే మళ్ళీ ఖాళీ."

"మరి పొడుగు ఇరవై ఎనిమిది ఎందుకు చెడిపోలేదు?"

"అంకెలో ఏమీ వెయ్యలేవు కదా. లిస్టు సంచీలాంటిది, వేసింది ఉండిపోతుంది."

అప్పుడు నాకు బోధపడింది. ఒక్కో కస్టమరుకీ ఒక్కో కవరు ఇస్తున్నానని నేను అనుకున్నాను. బల్ల మీద ఉన్నది ఒకటే కవరు, అందరి చీటీలూ అందులోంచే తీశాను. అందుకే ప్రోగ్రాము కొత్తగా తెరిచి, పరీక్ష చీటీ వెయ్యని రెండో రోజు ఇరవై ఆరూ బాగానే వచ్చాయి. అందుకే మూసి తెరిచి చూసిన ప్రతిసారీ ఏమీ దొరకలేదు.

సరిదిద్దడం రెండు లైన్ల పని. marpulu=None అని పెట్టాను. అంటే కవరు ఇవ్వలేదని గుర్తు మాత్రమే. లోపల, if marpulu is None: marpulu = [] అని రాశాను. ఆ లైను మనిషి మనిషికీ నడుస్తుంది కాబట్టి ఎవరికి వాళ్ళకి కొత్త కవరు. నా కొలతలు, ఆ వెనకే పదహారుమందివీ కొట్టాను. నా చీటీ మీద నా చెయ్యి. వాళ్ళ చీటీల మీద ఏమీ లేదు. గాల్లో తేలిపోయాను.

"పైథాన్ నేర్చుకునే ప్రతివాళ్ళూ ఒకసారి పడే గుంట ఇది" అంది మరదలు. "నేను పడ్డప్పుడు మూడు రోజులు ఏడ్చాను. ఆ, పంచదార ఎన్ని చెంచాలు?"

"రెండు" అన్నాను.

ఫిబ్రవరి 17, సోమవారం

ఓనరుకి చూపించాలంటే ఆయన ముందు నా కొలతలు కొట్టాలి. కటింగ్ మాస్టరూ, కుట్టేవాళ్ళూ చుట్టూ మూగారు. కొట్టాను. ఇరవై రెండు. ఇరవై ఒకటింపావు. పాత ప్రోగ్రాములో తప్పు చూపించాను, కొత్తదాంట్లో ఒప్పు చూపించాను. ఎవరూ నా చేతివంక చూడలేదు, అందరూ తెరనే చూస్తున్నారు. నాకే కొంచెం నిరాశగా అనిపించింది!

ఓనరు గడ్డం గోక్కున్నాడు. "తప్పు దొరికింది, సరే. కోసిన గుడ్డ పెరగదు కదా. పదహారు కోట్లు ఏం చేద్దాం?"

నిన్న రెండు చెంచాల టీ తాగుతూ దాని గురించే ఆలోచించాను. "ఎడమ చేతి కొసన ముప్పావు అంగుళం పసుపురంగు పట్టీ వేద్దామండీ. దానికో చిన్న కాజా, ఒక బొత్తాం. నీలం కోటు మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మిగతా ఇరవై ఆరింటికి అదే పట్టీ పైన కుట్టేస్తే అన్నీ ఒకలాగే ఉంటాయి. కాజాలు నేను వేస్తాను."

"నలభై రెండూనా?"

"పదిహేడేళ్ళు వేశానండీ."

పాటల టీచరుకి ఫోన్ చేసి అడిగాడు. అవతల ఆవిడ ఎంత గట్టిగా ఒప్పుకుందంటే ఓనరు ఫోన్ చెవికి దూరంగా పట్టుకున్నాడు. పెట్టేసి, "ప్రోగ్రాము ఉంచు" అన్నాడు. తరవాత "ఊఁ" అన్నాడు.

నా మొహం చేటంత అయింది.

ఫిబ్రవరి 20

కాజాలు. ఇవాళ పద్నాలుగు. పాత బల్ల, పాత కుర్చీ, కిటికీలోంచి అదే వెలుగు. ఇక్కడికి రావాల్సి వస్తుందనేగా పదిరోజులు వణికాను! ఇష్టపడి వచ్చి కూర్చుంటే వేళ్ళు పరుగెత్తుతున్నాయి. మూడు పాటలూ మొదటినుంచి చివరిదాకా పాడుకున్నాను. నోట్లో సూదులు లేవు. పక్క మిషనామె మిషను ఆపి వింది.

ఫిబ్రవరి 22, శనివారం

కోట్లు తీసుకోవడానికి పాటల టీచరు వచ్చింది. లెక్కపెట్టుకుంది. మళ్ళీ లెక్కపెట్టుకుంది.

"నలభై మూడు ఉన్నాయేంటండీ?"

"నేను మొదటినుంచీ చెబుతూనే ఉన్నాను" అన్నాడు కటింగ్ మాస్టరు, నా వైపు గుర్రుగా చూస్తూ. "అది పరీక్ష గారిది. ఆవిడ ట్రయల్‌కి కూడా రాలేదు."

"పరీక్ష గారెవరు?"

ఆయన చీటీ తీసి ఇచ్చాడు. పేరు: పరీక్ష. ఛాతీ ముప్పై ఆరు. అడుగున ఆ మాట. ఆ రోజు కట్టలో నా చీటీ కూడా వెళ్ళిపోయింది. చీటీ వస్తే కోసేస్తాడు కదా ఆ మహానుభావుడు!

టీచరు చీటీ చూసి, నా వైపు చూసింది. నేను నిలబడే తీరు, ఎడమ చేతి మడత.

"మీరు మా హాలుకి మూడుసార్లు వచ్చారు" అంది. "కొలతలు ఒక్కసారి తీసుకుంటే చాలదా?"

నేను కోట్ల మడతలు సర్దడం మొదలుపెట్టాను.

"పరీక్ష గారిని ఒకసారి తొడుక్కోమనండి."

తొడుక్కున్నాను. భుజాలు కూర్చున్నాయి. కుడి చెయ్యి మణికట్టు దగ్గర ఆగింది. ఎడమ చెయ్యి కూడా మణికట్టు దగ్గరే ఆగింది. మడత లేదు. నలభై ఎనిమిదేళ్ళు నాకు. రెండు చేతులూ ఒకేచోట ఆగడం అద్దంలో చూడటం ఇదే మొదటిసారి. ఏడ్చాను, అందరి ముందూ, నవ్వుతూనే. కటింగ్ మాస్టరు కంగారుపడి "ఎక్కడైనా పట్టేసిందా అక్కా?" అన్నాడు.

"ఎక్కడా పట్టలేదు. మీరు బాగా కోశారు" అన్నాను.

"రెండో పాటకి కింది స్వరంలో చేరండి" అంది టీచరు. "రేపు మూడింటికి హాలుకి రండి. పాడాలని ఉందా, లేదా?"

ఉంది. ఉందని చెప్పాను.

ఫిబ్రవరి 23, ఆదివారం

పాడాను!!

వెనక వరసలో, బండగొంతు ఆయనకి కుడిపక్కన. గొంతు వణకలేదు. ఈసారి నిజంగానే వణకలేదు. ముందు వరస కుర్చీల్లో తమ్ముడూ మరదలూ. ఆదివారం నేను బయటికి రానని తెలిసిన వాళ్ళిద్దరూ చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొట్టారు.

స్టేజీ ఎక్కేముందు కటింగ్ మాస్టరు పసుపు పట్టీ, సూదీదారం పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "నీ ఎడమ చేతికి వెయ్యడం మర్చిపోయాం అక్కా! ఉండు, పైన రెండు కుట్లు వేసేస్తాను, అందరిలా కనిపిస్తుంది."

"వద్దు" అన్నాను. "వాళ్ళకి పొట్టయింది కాబట్టి వేశాం. నాది సరిపోయింది."

ఫిబ్రవరి 24

పొద్దున ప్రోగ్రాము తెరిచి మొదటి చీటీ వేశాను. చలికోటు, పొడుగు ముప్పై నాలుగు. పేరు దగ్గర ఈసారి నా పేరు కొట్టాను. ప్రింటరు ముందు నిలబడి చివరిదాకా చదివి, కటింగ్‌కి నేనే తీసుకెళ్ళి ఇచ్చాను.